ఏ ఫొటోకు ఏ లెన్సు?

"ఏ లెన్సు కొనమంటారు?" చేతికి కొత్తగా కెమేరా వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. కాలేజీ ఫొటోగ్రఫీ క్లబ్బులో మూడేళ్ళుగా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. జవాబులూ వింటూనే ఉన్నాను. ఒకరు పెద్ద జూమ్ కొనమంటారు. మరొకరు ఖరీదైనది ఏదైనా మంచిదే అంటారు. అడిగిన మనిషి ఏం ఫొటోలు తీయదలచుకున్నాడో మాత్రం ఎవరూ అడగరు. రోగం అడక్కుండా మందు రాసిచ్చినట్టుంటుంది ఈ సలహా. మంచి లెన్సు ఖరీదు చూస్తే విద్యార్థి జేబుకు అది చిన్న విషయం కాదు. హాస్టలు మెస్సు బిల్లులు ఎన్ని నెలలవి కలిపితే ఆ సొమ్ము అవుతుందో మనందరికీ తెలుసు. అంచేత కొనేముందు కాస్త ఆలోచించడం అవసరం. ఇంటర్మీడియట్‌లో కటకాల పాఠం చదువుకున్నవాళ్ళెవరైనా ఆలోచించగలరు కూడా.

అసలీ ఎంపిక సమస్య ఫొటోగ్రఫీ పుట్టినప్పుడే పుట్టింది. 1839లో దాగెర్ తన పద్ధతిని ప్రపంచానికి వెల్లడించినప్పుడు, ఆయన కెమేరాకు లెన్సు తయారుచేసి ఇచ్చినవాడు పారిస్‌లోని షెవాలియె. భవనాలకూ, ప్రకృతి దృశ్యాలకూ అది చక్కగా పనికొచ్చేది. కాని లోపలికి వెలుగు చాలా తక్కువగా వచ్చేది. మనిషి ఫొటో తీయాలంటే పాపం ఆ మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. మరుసటి సంవత్సరమే, అంటే 1840లో, వియన్నాలో గణితాచార్యుడైన పెట్జ్‌వాల్ లెక్కలు కట్టి మరో లెన్సును రూపొందించాడు. అందులోంచి వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చేది. అంచుల్లో బొమ్మ మసకబారినా మధ్యలో స్పష్టంగా ఉండేది. ముఖానికి కావలసిందీ అదే గదా! ఈ విధంగా మొదటి ఏడాదిలోనే దృశ్యానికొక లెన్సు, మనిషికొక లెన్సు ఏర్పడిపోయాయి. ఒకే లెన్సు అన్ని పనులకూ బాగా పనికిరాదన్న సంగతి అప్పటినుంచీ ఉన్నదే.

అంకెల అర్థం

లెన్సు మీద 28, 50, 200 అని మిల్లీమీటర్లలో రాసి ఉండేది దాని నాభ్యంతరం. దూరంలో ఉన్న వస్తువు ప్రతిబింబం లెన్సు నుంచి ఇంచుమించు నాభ్యంతరమంత దూరంలో ఏర్పడుతుందని చదువుకున్నాం. అందులోంచి వచ్చే లెక్క చాలా సులువు. వస్తువు పరిమాణాన్ని నాభ్యంతరంతో హెచ్చవేసి, వస్తువు దూరంతో భాగిస్తే ప్రతిబింబం పరిమాణం వస్తుంది. నాభ్యంతరం రెట్టింపయితే బొమ్మా రెట్టింపవుతుంది. దూరం రెట్టింపయితే బొమ్మ సగమవుతుంది. లెన్సు ఎంపికలో సగం సంగతి ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ఈ బొమ్మ పడే చోటు ఎంత పెద్దదన్నది రెండో సంగతి. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమేరా 1925లో మార్కెట్లోకి వచ్చింది. అందులో ఫిల్ము మీద ఒక్కో ఫ్రేము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. నేటి "ఫుల్ ఫ్రేమ్" డిజిటల్ కెమేరాల సెన్సారు కూడా ఇదే కొలత. ఈ దీర్ఘచతురస్రం కర్ణం దాదాపు 43 మి.మీ. కర్ణానికి దగ్గరగా ఉండే నాభ్యంతరాన్ని మామూలు లెన్సు అంటారు. వాడుకలో అది 50గా స్థిరపడింది. అంతకంటే బాగా తక్కువైతే వైడ్ యాంగిల్, బాగా ఎక్కువైతే టెలిఫొటో. అడ్డంగా చూస్తే 28 లెన్సు 65 డిగ్రీల మేర దృశ్యాన్ని పట్టుకుంటుంది. 50 లెన్సు 40 డిగ్రీలు, 100 లెన్సు 20 డిగ్రీలు, 200 లెన్సు కేవలం 10 డిగ్రీలు.

మనలో చాలామంది దగ్గర ఉండే కెమేరాల్లో సెన్సారు ఇంతకంటే చిన్నది. వాటిలో లెన్సు మీద ఉన్న అంకెను ఒకటిన్నరతో హెచ్చవేసి చూసుకోవాలి. అంటే అక్కడ 35 లెన్సు 50 లాగా పనిచేస్తుందన్నమాట. సెల్‌ఫోన్ ప్రధాన కెమేరా ఈ లెక్కన సాధారణంగా 24 నుంచి 28 వరకు, అంటే వైడ్ యాంగిలే. ఈ వ్యాసంలో ఇకముందు చెప్పే అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలోవి.

ముందు నిలబడే చోటు, తర్వాత లెన్సు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టెలిఫొటో లెన్సు దూరాలను దగ్గరకు నొక్కేస్తుందనీ, వైడ్ లెన్సు ముక్కును పెద్దది చేస్తుందనీ అంటుంటారు. నిజానికి ఆ పని చేసేది లెన్సు కాదు, మనం నిలబడిన దూరం.

ముఖాన్నే తీసుకోండి. ముక్కు కొసకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్ల దూరం ఉంటుందనుకుందాం. 30 సెంటీమీటర్ల దూరం నుంచి సెల్ఫీ తీసుకుంటే ముక్కు 30 సెంటీమీటర్లలో, చెవి 42 సెంటీమీటర్లలో ఉంటాయి. ఇందాకటి లెక్క ప్రకారం చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదిగా పడుతుంది. అదే మనిషిని 2 మీటర్ల నుంచి తీస్తే తేడా 6 శాతమే. మన ముక్కు మీద మనకు దిగులు పుట్టించేది చాలాసార్లు మన చేతి పొడవేనన్నమాట! అంచేత ముఖచిత్రానికి ముందు నిర్ణయించుకోవలసింది దూరం: ఒకటిన్నర, రెండు మీటర్లు. అంత దూరం నుంచి తలా భుజాలూ ఫ్రేములో నిండుగా రావాలంటే 85 నుంచి 105 వరకు నాభ్యంతరం కావాలి. వీటికి పోర్ట్రెయిట్ లెన్సులని పేరు రావడానికి కారణం ఇంతే.

ఇంకో ఉదాహరణ. గుడి గోపురం వెనక పెద్ద పున్నమి చంద్రుడున్న ఫొటోలు చూసి, అది కంప్యూటరులో అతికించిందని కొట్టిపారేస్తుంటారు. అతికించినవీ ఉంటాయి గాని, అతికించకుండానూ తీయవచ్చు. చంద్రబింబం ఆకాశంలో అర డిగ్రీ మేర ఉంటుంది. 50 మీటర్ల గోపురాన్ని 100 మీటర్ల దూరం నుంచి చూస్తే, చంద్రుడు గోపురంలో ఒక మీటరు కూడా లేని భాగాన్ని మాత్రమే కప్పుతాడు. కలశం పక్కన బొట్టుబిళ్ళలా ఉంటాడు. అదే ఒక కిలోమీటరు వెనక్కి వెళితే దాదాపు 9 మీటర్ల మేర కప్పుతాడు. అంటే గోపురం ఎత్తులో ఆరోవంతు. చంద్రుడు పెరగలేదు, గోపురమే చిన్నదైంది. అంత దూరం నుంచి గోపురాన్ని ఫ్రేములో నింపడానికి 400 లెన్సు కావలసివస్తుంది. చంద్రుణ్ణి పెద్దది చేసింది మన కాళ్ళు. లెన్సు ఆ తర్వాత అనవసరమైన భాగాన్ని కత్తిరించి పెట్టింది.

ఇందాకటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ఏ దూరం నుంచి చూస్తే ఆ వస్తువు మనం చూపదలచుకున్నట్టు కనిపిస్తుందో ముందు తేల్చుకోవాలి. ఆ దూరం నుంచి ఫ్రేము నింపే లెన్సే మనకు కావలసిన లెన్సు.

వెలుగు సంగతి

లెన్సు మీద ఉండే రెండో అంకె ఎపర్చరుది. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని సాగే వరుసలో ఒక్కో మెట్టు దాటితే వెలుగు సగమవుతుంది. అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. కెమేరాతోపాటు వచ్చే చిన్న జూమ్‌లలో పొడవైన కొసన ఇది సాధారణంగా 5.6. చవగ్గా దొరికే 50 లెన్సులో 1.8. రెండింటికీ వెలుగులో దాదాపు పది రెట్ల తేడా. మన ఆడిటోరియంలో వార్షికోత్సవం నాడు ఒక లెన్సుకు సెకనులో ఇరవయ్యో వంతు పట్టే ఫొటో, రెండోదానికి రెండువందలో వంతులో అయిపోతుంది. మొదటిదాంట్లో నర్తకి చెయ్యి పొగలా కనిపిస్తే, రెండోదాంట్లో వేళ్ళు లెక్కపెట్టవచ్చు.

అయితే ఎపర్చరు విప్పినకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గిపోతుంది. 1975లో స్టాన్లీ కూబ్రిక్ "బారీ లిండన్" చిత్రంలో కొవ్వొత్తి వెలుగులోనే కొన్ని దృశ్యాలు తీశాడు. అందుకు నాసా కోసం జైస్ సంస్థ తయారుచేసిన 50 మి.మీ., 0.7 ఎపర్చరు లెన్సు వాడాడు. నటులు కాస్త ముందుకు వంగితే చాలు, ఫోకస్ తప్పేది. వెలుగు ఊరికే రాదు, లోతును ఖర్చు పెట్టుకోవాలి.

ఒక్కొక్క రకానికి

వీధులూ, సంతలూ, తిరునాళ్ళూ: 28, 35, 50. మనిషికి మాట వినిపించేంత దూరంలో నిలబడి తీసే ఫొటోలివి. 28 లెన్సును ఎపర్చరు 8లో పెట్టి, ఫోకస్ 3.3 మీటర్ల దగ్గర ఆపితే, సుమారు 1.6 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ గురించి ఆలోచించనక్కర్లేదు, చూడటమే పని. కార్టియె బ్రెసన్ జీవితమంతా ఎక్కువగా ఒక్క 50 లెన్సుతోనే తీశాడు.

నాట్యం, నాటకం, బుర్రకథ: 85 నుంచి 135 వరకు, ఎపర్చరు 2 చుట్టూ ఉంటే మేలు. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచు మీద పాదాలూ, ముఖంలో అభినయమూ రెండూ ముఖ్యమే. ముందు వరుసలో కూర్చుని 50తో మొత్తం ఆకృతిని, 135తో ముఖాన్ని తీయవచ్చు.

ఆటలు: ఆటను బట్టి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మాత్రమే. గీత పక్కన కూర్చుంటే 85 చాలు. క్రికెట్ అలా కాదు. బౌండరీ నుంచి 65 మీటర్ల దూరంలో ఉన్న ఆరడుగుల బ్యాట్స్‌మన్ 400 లెన్సులో కూడా 11 మి.మీ. మాత్రమే వస్తాడు. ఫ్రేము ఎత్తులో సగం కూడా కాదు. పైగా షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు దగ్గర ఉండాలి. పత్రికా ఛాయాచిత్రకారులు అంత బరువైన లెన్సులు మోయడం దర్పం కోసం కాదు.

పక్షులు: 400, 600. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. దాదాపు ఒకటిన్నర మీటరు పొడవుండే గూడబాతు 50 మీటర్ల దూరం నుంచి 50 లెన్సులో ఒకటిన్నర మి.మీ. వస్తుంది. 400 లెన్సులో 12 మి.మీ. వస్తుంది. లెన్సు లేదు గదా అని గూటి దగ్గరకు పోతే తల్లి లేచిపోతుంది, గుడ్లూ పిల్లలూ ఎండకీ కాకులకీ మిగులుతాయి. ఇక్కడ పొడవైన లెన్సు మన సౌకర్యం కంటే పక్షి క్షేమానికే ఎక్కువ అవసరం. లెన్సు లేకపోతే దూరంగా నిలబడి చెరువునూ, చెట్టునూ, గుంపునూ కలిపి తీయడమే మర్యాద.

పురుగులూ, పూలూ, నాణేలూ: మాక్రో లెన్సు. వస్తువూ ప్రతిబింబమూ సమానంగా ఉండాలంటే రెండూ లెన్సు నుంచి నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉండాలని పాఠంలో ఉంది. అంటే పలుచని కటకం లెక్కన 50 లెన్సు వస్తువుకు 10 సెంటీమీటర్లలోకి పోవాలి, 100 లెన్సు 20 సెంటీమీటర్ల దగ్గర ఆగవచ్చు. నాణేనికీ, తాళపత్రానికీ 50 చాలు, అవి ఎగిరిపోవు. సీతాకోకచిలుకకు 100 కావాలి.

ఒకే గుడి, మూడు లెన్సులు

ఇదంతా ఒకేచోట చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్ళండి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మా తరగతి విహారయాత్రలో మధ్యాహ్నం దాకా నేను అక్కడే తిరిగాను.

మొత్తం గుడి తీయాలని దగ్గర నిలబడి వైడ్ లెన్సును పైకెత్తితే, గోడలు వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది. కెమేరాను పైకి వంచడమే కారణం. కెమేరాను మట్టంగా పట్టుకుని, ఆవరణలో వీలైనంత వెనక్కి నడిచి, 35తో తీస్తే నక్షత్రాకారపు అరుగు మీద గుడి నిటారుగా నిలబడుతుంది. కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు.

చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలున్నాయి. వాటి కిందికి పోయి వైడ్ లెన్సుతో తీస్తే కాళ్ళు పెద్దవై, తల చిన్నదవుతుంది. శిల్పి చెక్కిన కొలతలు చెడిపోతాయి. పది మీటర్లు వెనక్కి వచ్చి 135తోనో 200తోనో తీస్తే నడుము వంపూ, ముఖమూ సరైన నిష్పత్తిలో వస్తాయి. రంగమంటపంలో మళ్ళీ వేరే సంగతి. చీకటి, వెనక్కి పోవడానికి చోటు లేదు. పైకప్పు చెక్కడాలకు 24, స్తంభాల మీది చిన్న బొమ్మలకు 50ని విప్పి పెట్టుకోవాలి. ఒక గుడిలోనే మూడు అవసరాలు, మూడు లెన్సులు. రాతిలో ఉన్న కొలతను ఫొటోలో కాపాడటం కూడా మనం ఆ శిల్పికి చేసే నమస్కారమే.

గ్రూపు ఫొటో, మీటింగు ఫొటో

మనకు మరీ దగ్గరైన ఉదాహరణలు రెండు చెప్పి ముగిస్తాను. ఏటా మార్చిలో తరగతి గ్రూపు ఫొటో ఉంటుంది. ముందు వరుస, అటూ ఇటూ ఖాళీతో కలిపి 7.2 మీటర్లనుకుందాం. 24 లెన్సుతో 4.8 మీటర్ల నుంచి తీయవచ్చు. 50తో 10 మీటర్ల నుంచి తీయాలి. చివరి వరుస 2 మీటర్లు వెనక ఉంటే, 24తో తీసినప్పుడు వెనకవాళ్ళ తలలు ముందువాళ్ళ తలల్లో 70 శాతమే వస్తాయి. 50తో తీస్తే 83 శాతం వస్తాయి. పైగా వైడ్ లెన్సులో అంచుల్లో నిలబడ్డవాళ్ళ ముఖాలు పక్కకు సాగుతాయి. ఆ ఫొటో నలభై ఏళ్ళు గోడ మీద ఉంటుంది. వెనక వరుసలో, ఆ చివర నిలబడ్డ మిత్రుడికి కూడా సరైన ముఖం దక్కాలి గదా! ఫొటో తీసేవారిని పది మీటర్లు వెనక్కి వెళ్ళమని అడగడానికి మొహమాటపడకండి.

రెండోది సభలూ, ఊరేగింపులూ. వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఖాళీ ఉన్నా, 50 మీటర్ల దూరం నుంచి 200 లెన్సుతో ఎదురుగా తీస్తే జనం ఒకరిమీద ఒకరు పడుతున్నట్టుంటుంది. 50 మీటర్లలో ఉన్నవాడికీ 55 మీటర్లలో ఉన్నవాడికీ పరిమాణంలో పదో వంతే తేడా కాబట్టి మధ్య ఖాళీ కనిపించదు. అదే సభను లోపల నిలబడి 24తో తీస్తే 5 మీటర్లలో ఉన్నవాడు 10 మీటర్లలో ఉన్నవాడికి రెండింతలుంటాడు, ఖాళీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండు ఫొటోలూ అబద్ధం కావు, కాని రెండూ రెండు మాటలు చెబుతాయి. 2020లో కరోనా రోజుల్లో చాలా దేశాల్లో బీచ్‌ల, వీధుల ఫొటోల మీద సరిగ్గా ఇదే వాదం నడిచింది. జనం నిజంగా కిక్కిరిసి ఉన్నారా, లెన్సు అలా చూపిందా అని. మన యూనియన్ సభల ఫొటోలైనా, అవతలివాళ్ళ సభలవైనా ఎక్కడి నుంచి తీశారో చూసుకుని మరీ జనాన్ని అంచనా కట్టాలి. తీసేవాళ్ళు కూడా ఎత్తు నుంచి ఒకటైనా తీసి పెట్టడం న్యాయం.

కొనేముందు

ఇక కొనే సంగతి. ఇప్పటిదాకా తీసిన ఫొటోల్లో మీకు నచ్చినవి ఓ వంద ఏరండి. డిజిటల్ ఫొటో ఫైలులో ఎంత నాభ్యంతరంతో తీశారో కూడా నమోదై ఉంటుంది. ఆ అంకెలు కాగితం మీద రాసుకుంటే మీరు నిజంగా ఎక్కడ నిలబడుతున్నారో తెలిసిపోతుంది. ఎక్కువ ఫొటోలు జూమ్ చివరి అంచున ఆగిపోతే పొడవైన లెన్సు కావాలి. గోడకు వీపు ఆనించి తీసినవే ఎక్కువైతే వైడ్ కావాలి. వెలుగు చాలక చెడినవి ఎక్కువైతే ఎపర్చరు పెద్దది కావాలి. ఏదీ తేలకపోతే 50 మి.మీ., 1.8 లెన్సు కొనండి. చిన్న సెన్సారు కెమేరా అయితే 35. చవక, తేలిక, చీకట్లోనూ పనికొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు లెన్సులోంచి టార్చి వేసి చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో లోపల సాలెగూడులా బూజు పట్టే ప్రమాదం ఉంది. అది ముదిరితే గాజు పూతనే తినేస్తుంది. ఎపర్చరు రేకులు చురుగ్గా మూసుకు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవాలి.

కొనే స్తోమత లేనివాళ్ళు నిరాశపడనక్కర్లేదు. ఫోనుతోనే ఈ ప్రయోగం చేసి చూడండి. ఒక స్నేహితుణ్ణి చెట్టు ముందు నిలబెట్టి, అడుగు దూరం నుంచి ఒకటి, రెండు మీటర్ల నుంచి ఒకటి, ఐదు మీటర్ల నుంచి ఒకటి తీయండి. మూడింటిలోనూ ముఖం ఒకే పరిమాణంలో వచ్చేలా కత్తిరించి పక్కపక్కన పెట్టండి. ముఖం ఎలా మారిందో, వెనక చెట్టు ఎంత పెరిగిందో చూడండి. ఖర్చు ఒక్క పైసా ఉండదు. ఆ మూడు బొమ్మల్లో మీకు నచ్చినదేదో తెలిస్తే, మీకు కావలసిన లెన్సు ఏదో దుకాణదారుణ్ణి అడగనవసరం లేదు.